బుధవారం మూడింటి క్లాసు

జూన్ 5, గురువారం

చిరంజీవి మా అమ్మాయికి,

పెదనాన్న నెత్తిన చెయ్యి పెట్టి దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరం కులాసా. అక్కడ నువ్వూ అల్లుడూ పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. పాప దగ్గు తగ్గిందా? తగ్గకపోతే మందు కాదు, డాక్టరును మార్చు.

ఫోన్లో చెబితే గాలికి పోతుంది, చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టు పెదనాన్నా అన్నావు. పెడుతున్నాను. నా రాత చూసి నవ్వకు. నువ్వు మూడో తరగతిలో ఉండగా నీ పలక మీద నువ్వే దిద్దించిన అక్షరాలివి. తప్పులుంటే నేర్పినదానివి, నావి కావు.

ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి తాళాలు అప్పగించిన ఆటపాటల సెంటరు. పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చి కూర్చుంటే, అత్తగారింటికి వచ్చిన పాత అల్లుడిలా ఉంది నా పని. కుర్చీ వేస్తారు, మాట వినరు. సెంటర్లన్నీ చూసే అధికారివి నువ్వు, కొత్త ఇన్‌చార్జి దొరికేదాకా రెండు నెలలు అన్నావు. రెండు నెలలంటే రెండు నెలలే. మూడో నెల నన్ను అడక్కు.

నాతో కలిపి ఎనిమిది మందిమి. కౌంటర్లో గుమాస్తా, ఊడ్చే ఆవిడ, షటిల్ నేర్పే కోచ్, కుట్టు నేర్పే అక్కగారు, ఊపిరి క్లాసు చెప్పే టీచరమ్మ, కొలను దగ్గర ఇద్దరు లైఫ్‌గార్డులు. ఆ ఇద్దరిలో మగవాణ్ణి పొడుగాడు అంటారు, ఆడపిల్లను చేప అంటారు. అసలు పేర్లు పుస్తకంలో ఉన్నాయి, నోటికి ఇవే వస్తాయి.

జనం రాని క్లాసులేవో చెప్పమన్నావు. చదరంగం గదికి వారమంతా ఒక్కడే వస్తాడు, ఉద్యోగం దిగిపోయిన ఒక పోస్టుమాన్. తెల్ల పావులూ ఆయనే, నల్ల పావులూ ఆయనే. నిన్న ఓడిపోయానండీ అని దిగులుగా చెప్పాడు. ఎవరి చేతిలో అని నేను అడగలేదు. కుట్టు క్లాసుకు ముగ్గురు వస్తారు. రెండు మిషన్లు పనిచేస్తాయి, మూడు నోళ్ళు పనిచేస్తాయి. కొలను మాత్రం కిటకిట. చుట్టూ మూడు వీధుల పిల్లలకు ఎండలు మొదలైతే ఇదే దిక్కు.

ఇక అసలు తిరకాసు. నీళ్ళలో మనిషి ఉన్నంతసేపూ గట్టు మీద ఇద్దరు గార్డులు ఉండాలని నీకు నేను చెప్పాలా? ఆ నిబంధన పుట్టిందే మీ నాన్న ఆ కొలనులో పోయాక. అలాంటిది ఇప్పటి డ్యూటీ చార్టులో బుధవారం మూడు నుంచి నాలుగు దాకా గట్టు మీద పొడుగాడు ఒక్కడే. చేపను చిన్న హాల్లో ఊపిరి క్లాసుకు సాయం వేశారు. ఎందుకు వేశారయ్యా అంటే, క్లాసుకు తొమ్మిదిమంది వస్తున్నారట. హాజరు పుస్తకం తీసి చూశాను. ఎనిమిది నెలలుగా వారం వారం తొమ్మిది టిక్కులు. ఒక్క వారం ఎనిమిది లేదు, పది లేదు.

అందుకని నిన్న మూడింటికి స్వయంగా వెళ్ళి చూశాను. హాలు మధ్యలో అర్ధచంద్రంలా తొమ్మిది కుర్చీలు. ఒకదాంట్లో చేప కూర్చుని ఉంది. ఎనిమిది ఖాళీ. ఎదురుగా టీచరమ్మ కళ్ళు మూసుకుని, పీల్చండి, వదలండి అని చెబుతోంది. అప్పుడప్పుడు ఎడమ పక్కకు తిరిగి, తొందరపడకండి అని నెమ్మదిగా మందలిస్తోంది. ఎడమ పక్క కుర్చీలో దుమ్ము తప్ప ఏమీ లేదు.

బయటికి పిలిచి, ఏమ్మా, దొంగ లెక్క రాస్తున్నావా అని ముఖం మీదే అడిగాను. ఆవిడ బెదరలేదు, కోప్పడలేదు.

"నేను లెక్క కళ్ళతో పెట్టనండీ పెద్దాయన గారూ, చెవులతో పెడతాను. తొమ్మిదిమందీ వస్తారు. మీరు తలుపు చప్పుడు చేశారు గానీ, లేకపోతే వినేవారు."

పాపం, మతి చెడిందేమో అనుకున్నాను. నా సలహా ఒకటే. క్లాసు ఎత్తెయ్యాలి, చేపను గట్టు మీదకు తేవాలి. ఒక్క దెబ్బకు రెండు పనులు.

ఇట్లు,
నీ పెదనాన్న


జూన్ 12, గురువారం

చిరంజీవి అమ్మాయికి,

దీవెనలు. నీ ఉత్తరం సోమవారం అందింది. పాప దగ్గు తగ్గిందన్నావు, సంతోషం. డాక్టరును మార్చావని అల్లుడు ఫోన్లో చెప్పాడు. చెప్పిన మాట వినే పిల్లవి నువ్వొక్కదానివే మన ఇంట్లో.

నువ్వు కచ్చితంగా రాశావు. నెలాఖరులోగా బుధవారం గంటకు ఇద్దరు గార్డులు కుదరకపోతే కొలను మూసేస్తాను, కొలను లేని సెంటరుకు అంతమంది మనుషులు అక్కర్లేదు గనక సగం మందిని పంపేస్తాను అన్నావు. సరే. అధికారివి, అలాగే ఉండాలి. కింద ఇంకో మాట రాశావు. జతగాణ్ణి ఎక్కడికో పంపేసి ఒక్కడే నీళ్ళకు కాపలా కాసిన మా నాన్నలాంటి మనిషి నా సెంటర్లలో ఒక్కడు కూడా ఉండకూడదు అన్నావు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేదు. పోయిన మనిషి సంగతి ఈ ఉత్తరాల్లో ఎత్తకు. పని సంగతి రాసుకుందాం.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఊపిరి క్లాసు లేదని తలుపుకు కాగితం అంటించాను. తొమ్మిది కుర్చీలూ నా చేతులతో సామాన్ల గదిలో ఒకదాని మీద ఒకటి పేర్చి తాళం వేశాను. బుధవారాలు టీచరమ్మ కౌంటర్లో గుమాస్తాకు సాయం, చేప గట్టు మీద. చార్టు కొత్తగా రాయించి గోడకు పెట్టాను. పిల్లి మెడలో గంట కట్టినంత సంబరపడ్డాను.

నిన్న మూడు దాటి పది నిమిషాలకు గట్టు మీదకు వెళ్ళి చూస్తే పొడుగాడు ఒక్కడే. చేప ఏదిరా అంటే, ఇక్కడే ఉండాలండీ అని పక్కకు చూసి, పక్కన ఎవరూ లేకపోయేసరికి వాడే తెల్లబోయాడు. కౌంటరుకు వచ్చాను. అక్కడా ఎవరూ లేరు. ఒక పెద్దావిడ కిటికీ దగ్గర నిలబడి, ఏమండీ, ఇక్కడ మనుషులు పనిచేస్తారా లేక దయ్యాలా అని ఎత్తిపొడిచింది.

చిన్న హాలు తలుపు ఓరగా తీసి ఉంది. నేను అంటించిన కాగితం అలాగే ఉంది. లోపల తొమ్మిది కుర్చీలు, అర్ధచంద్రంలా. సామాన్ల గది తాళంచెవి నా జేబులోనే ఉంది, తడిమి చూసుకున్నాను. టీచరమ్మ ఎప్పటిలా ఎదురుగా నిలబడి లేదు, తనూ ఒక కుర్చీలో కూర్చుంది. ఆమె, చేప, గుమాస్తా, ఊడ్చే ఆవిడ. నలుగురూ కళ్ళు మూసుకుని ఉన్నారు. ఊడ్చే ఆవిడ ఒళ్ళో చీపురు పసిపిల్లలా పడుకుని ఉంది. పీల్చండి, వదలండి అని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అయినా అంతా ఒకేసారి పీలుస్తున్నారు.

ఈసారి నేను తలుపు చప్పుడు చెయ్యలేదు. నిలబడి విన్నాను.

అమ్మాయ్, దీపం తీసేసిన గదిలో ఎంతమంది నిద్రపోతున్నారో చెవులతో చెప్పగలమా లేదా? ఇదీ అంతే. ఒకటి సన్నగా, ఒకటి బరువుగా, ఒకదానికి ముక్కులో ఈల. కనిపించేది నలుగురు. పీల్చిన చప్పుడు తొమ్మిది. నాలుగుసార్లు లెక్కపెట్టాను, తొమ్మిదే. వదిలినప్పుడు మాత్రం ఎనిమిది. ఒక ఊపిరి లోపలికి వెళుతోంది, బయటికి రావడం లేదు.

ఆ ముక్కు ఈల నేను ఎరిగినదే. నేను పనిచేసే రోజుల్లో ఉన్న పాత గుమాస్తాది. ఆయన పోయి పధ్నాలుగేళ్ళు.

నాలుగు కొట్టగానే నలుగురూ లేచి, ఏమీ జరగనట్టు ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. చేపను ఆపి, గట్టు వదిలి ఎందుకొచ్చావే అని కేకలేశాను. అప్పుడు చెప్పింది.

"నాకు నేనుగా రాలేదు పెద్దాయనా. ఎవరో చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినట్టు ఉంది. మగచెయ్యి. తొందరలో ఉన్న చెయ్యి."

పని ఎగ్గొట్టడానికి సాకులు నేను చాలా విన్నాను. ఇది సాకు కాదు. ఆ పిల్ల మణికట్టు చూపించింది. నాలుగు వేళ్ళ గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

వచ్చే వారం నేను చూసుకుంటాను. నువ్వు కొలను మూసే మాట అప్పుడే పైకి రాయకు.

నీ పెదనాన్న


జూన్ 19, గురువారం

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. చదివి కోపం వచ్చింది, అన్నం తిన్నాక తగ్గింది. పనివాళ్ళు నన్ను మాయచేస్తున్నారనీ, ముసలితనంలో చెవులు గింగురుమంటాయనీ, వాళ్ళకు నోటీసులు పంపుతాననీ రాశావు. చింత చచ్చినా పులుపు చావలేదే అమ్మాయ్. నా చెవులు బాగానే ఉన్నాయి. నోటీసులు ఆపు. వాళ్ళ తప్పు లేదు. ఎలా తెలుసు అంటే చెప్పలేను.

మీ రోజుల్లో ఆ హాలు దేనికి వాడేవారు అని అడిగావు. ఏముంది, గది. నాలుగు గోడలు. ఒకప్పుడు ఏవో క్లాసులు జరిగేవి. జ్ఞాపకం లేదు.

నేను చేసింది రాస్తాను. కుర్చీలకు చోటు లేకుండా ఆ హాల్లో టేబుల్ టెన్నిస్ బల్లలు రెండు వేయించాను. మోయడానికి కోచ్, పొడుగాడు, నేను. అర పూట పట్టింది, నా నడుము సాక్ష్యం. బుధవారం మూడింటికి అక్కడ ఆటలని బోర్డు రాయించాను. చేపను కోప్పడలేదు. కోచ్‌ను పిలిచి, నువ్వు కూడా ఆ గంట గట్టు మీద ఉండరా నాయనా అన్నాను. ఒకరిని లాక్కెళితే ఇంకొకరు మిగులుతారని నా ఎత్తు.

నిన్న మూడు కొట్టేసరికి నేను కూడా గట్టు మీదే ఉన్నాను. పొడుగాడు, చేప, కోచ్, నేను. నలుగురం. నీళ్ళలో పదిమంది పిల్లలు గోల గోల. ఒకడు నా మీద నీళ్ళు చిమ్మితే వాణ్ణి తిట్టడానికి అటు తిరిగాను. తిట్టింది రెండు మాటలే. ఇటు తిరిగేసరికి పొడుగాడు, నేను, అంతే. తడి గచ్చు మీద ఆ ఇద్దరూ వెళ్ళిన పాదాల గుర్తులు ఉన్నాయి. వాళ్ళ మధ్యలో మూడో మనిషివి కూడా ఉన్నాయి. అవి తడి పాదాలు కావు, చెప్పుల గుర్తులు.

పొడుగాణ్ణి కదలొద్దని ఒట్టు పెట్టి, హాలు దాకా వెళ్ళాను. బల్లలు గోడకు ఆనించి ఉన్నాయి. అర పూట పట్టిన బరువు. కుర్చీలు తొమ్మిది. ఆరుగురు కూర్చున్నారు, కుట్టు అక్కగారు కూడా వచ్చి చేరింది. మెడలో టేపు అలాగే ఉంది. చదరంగం ఆయన వరండాలో నిలబడి చూస్తున్నాడు. మీ సిబ్బందికి మీ క్లాసులు బాగా నచ్చినట్టున్నాయే, బయటివాళ్ళకే నచ్చడం లేదు అన్నాడు. మామూలుగా అయితే నవ్వేవాణ్ణి.

ఆయనకు వినిపిస్తోందా అని అడిగాను. గాలి వస్తోంది, అంతేగా అన్నాడు. కాసేపు విని, ఇక్కడ కొలను నీళ్ళ మందు వాసన ఎందుకొస్తోందండీ అని అడిగాడు. కొలను ఆ చివర, హాలు ఈ చివర. మధ్యలో మూడు తలుపులు. వాసన నాకూ వచ్చింది.

ఇది కూడా రాయాలి, రాయకపోతే నిద్రపట్టదు. ఆ తొమ్మిదిలో ఒక ఊపిరి చివర చిన్న మెలిక ఉంది, గొంతులో గింజ అడ్డం పడినట్టు. మీ పెద్దమ్మ బతికి ఉండగా రోజూ వెక్కిరించేది. నిద్రలో నువ్వు తలుపు గొళ్ళెం వేస్తున్నట్టు ఉంటుందయ్యా అనేది. అది నాది. నేను గుమ్మం బయట నిలబడి, నోటి మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి బిగబట్టి వింటున్నాను. నాది లోపల నడుస్తోంది. ఇప్పటి ముసలి ఊపిరి కాదు, వయసులో ఉన్నప్పటిది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్నట్టు, నేను వెనక్కి తిరిగి గట్టు మీదకు వచ్చేశాను. పొడుగాడు ఒక్కడే ఉన్నాడు, దేవుడు మంచివాడు.

ఇంకొక్క బుధవారం ఇవ్వు. పిల్లలు రోజూ వచ్చి, తాతా, కొలను మూసేస్తారటగా అని అడుగుతున్నారు. ఎవరు చెప్పారో. నేను ఉండగా మూయరు అన్నాను. నా మాట పోగొట్టకు.

నీ పెదనాన్న


జూన్ 26, గురువారం

అమ్మాయికి,

దీవెనలు. ఈసారి కులాసా సంగతులు అడగను.

నిన్నటి ఏర్పాటు ఇది. పొడుగాడు, చేప గట్టు మీద. కోచ్, గుమాస్తా, టీచరమ్మ, కుట్టు అక్కగారు, ఊడ్చే ఆవిడ, ఐదుగురికీ మధ్యాహ్నం సెలవు ఇచ్చి ఇంటికి పంపేశాను. గేటు దాకా వెళ్ళి సాగనంపాను. రెండున్నరకు నేను చిన్న హాల్లోకి వెళ్ళి లోపలి నుంచి గడియ వేసుకుని, తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాను. ఎవడు లాక్కొస్తాడో, ఏ చేత్తో లాక్కొస్తాడో, నా మీదుగా రావాలి కదా. గోడ వార బల్లలు తప్ప హాలు ఖాళీ. కుర్చీ అన్నది లేదు. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. రెండు యాభై అయింది. మూడుకు రెండు నిమిషాలు తక్కువ అయింది.

ఆ తర్వాత నేను కుర్చీలో ఉన్నాను.

నిద్రపోలేదు అమ్మాయ్. నేల మీద నుంచి లేచినట్టు గుర్తు లేదు, నా మోకాళ్ళతో నేను లేస్తే గుర్తుండకుండా ఉండదు. కళ్ళు మూసి ఉన్నాయి. పీలుస్తున్నాను, వదులుతున్నాను. హాయిగా ఉంది, ఆ మాట కూడా దాచను. ఇన్నేళ్ళలో అంత హాయి ఎరగను. ఎవరో అంతా చూసుకుంటున్నారు, నేను లేవక్కర్లేదు అన్నట్టు ఉంది. బలవంతాన కళ్ళు తెరిచాను. నా పక్కన చేప. దాని పక్కన పొడుగాడు. అటు టీచరమ్మ, గుమాస్తా, కోచ్, కుట్టు అక్కగారు, ఊడ్చే ఆవిడ. ఇంటికి పంపిన వాళ్ళే, ఇంటి బట్టల్లో. తలుపు గడియ వేసినట్టే ఉంది. ఎనిమిది మందిమి. ఆ చివర తొమ్మిదో కుర్చీ ఖాళీ. గడియారం మూడూ ఇరవై.

తొమ్మిదో ఊపిరి ఆ కుర్చీలోంచే వస్తోంది. లోపలికి, లోపలికి. అంతే. ఎదురుగా ఎవరో నిలబడి మమ్మల్ని లెక్కపెడుతున్నట్టు అనిపించింది, ఒక్కొక్కరి ముందు ఆగి ఆగి. చివరి కుర్చీ దగ్గర ఆగారు. నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. నేను అనలేదు, అదే వచ్చింది. ఆ మాట ఇక్కడ రాయను.

ఆ మాట నా చెవిన పడ్డాక కుర్చీలో ఉండలేకపోయాను. లేవడం నడుము లోతు నీళ్ళలో లేచినట్టు ఉంది. గడియ తీశాను. పక్కవాళ్ళను లేపే పని పెట్టుకోలేదు. మూడు తలుపులు దాటుకుని గట్టు మీదకు పరిగెత్తాను. డెబ్బై ఆరేళ్ళ వాడు ఎలా పరిగెత్తుతాడో అలా.

గట్టు మీద ఎవరూ లేరు. నీళ్ళలో ఏడుగురు పిల్లలు.

తలలు లెక్కపెట్టాను. ఏడు. మళ్ళీ లెక్కపెట్టాను. ఏడు. అందరూ లోతు తక్కువ ఉన్న వైపు, తాడుకు ఇవతల ఉన్నారు. ఎప్పుడూ అలా ఉండరు వాళ్ళు, కోతులు. బయటికి రండి అని అరిచాను. నా గొంతు విని భయపడి ఒక్కొక్కరే ఎక్కారు. తువ్వాళ్ళు కప్పి, ఒకరికొకరు చేతులు పట్టించి గోడ వారగా కూర్చోబెట్టాను. ఎవరూ లేకుండా నీళ్ళలో ఎందుకున్నారర్రా అని తిట్టాను. అందరిలోకి చిన్నది, ముందరి పళ్ళు రెండు లేనిది, నన్ను వింతగా చూసింది.

"ఎవరూ లేకపోవడమేంటి తాతా? మామయ్య ఉన్నాడుగా. లోతుకు వెళ్ళొద్దని, ఒకడు తాడు దాటబోతే కేకలేశాడు కూడా."

ఏ మామయ్య అన్నాను. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, మెడలో ఎర్ర తువ్వాలు వేసుకుని ఉన్నాడట. రోజూ ఉండే పొడుగు మామయ్య కాదట. బుధవారాలు వస్తాడట. ఒక్కసారి కూడా కూర్చోడట.

పిల్లలు క్షేమం. ఎవరి ఒంటి మీదా చిన్న గీత కూడా పడలేదు. చేపా పొడుగాడూ నాలుగింటికి వచ్చి, సంగతి తెలిసి కూలబడ్డారు. వాళ్ళను ఏమీ అనకు. ఇంటికి పంపిన వాళ్ళు మళ్ళీ ఎలా వచ్చారో వాళ్ళకే తెలియదు, కుట్టు అక్కగారు పొయ్యి మీద కూర మాడ్చుకుందట.

నా సిఫార్సులు రాసుకో. చదరంగం గది మూసి, ఆ బల్ల వరండాలో వెయ్యి. దారిన పోయేవాళ్ళు నాలుగు ఎత్తులు చెబుతారు, ఆయనకు తనతో తను ఓడే బాధ తప్పుతుంది. కుట్టు ఉంచు, కుట్టుకే కాదు మాటలకైనా ఆ ముగ్గురికీ ఒక చోటు కావాలి. టీచరమ్మ మంచి మనిషి, ఆమెకు పొద్దున్న పూట మేడ మీద క్లాసు ఇవ్వు. చేప, పొడుగాడు బుధవారం గట్టు మీదే. బుధవారం మూడింటికి చిన్న హాల్లో ఒక మనిషి కూర్చోవాలి. ఆ డ్యూటీ నాకు వెయ్యి, నెలలు లెక్కపెట్టొద్దు. వేరేవాళ్ళను కూర్చోబెట్టకు. లాక్కెళ్ళడానికి ఇక ఎవరూ రారని నాకు నమ్మకం. నమ్మకం ఎందుకంటే చెబుతాను.

కొలను మూయకు.

ఇట్లు,
నీ పెదనాన్న

తా.క. ఉత్తరం మడిచి, అంటించబోయి మళ్ళీ విప్పాను.

ఊపిరి క్లాసు ఈ టీచరమ్మ మొదలుపెట్టింది కాదు. నీకు ఆరేళ్ళప్పుడు అదే హాల్లో, అదే వారం, అదే గంటకు నేను పెట్టించాను. పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి తెచ్చుకున్నాను. జనం రాలేదు. తొమ్మిదిమంది లేకపోతే ఎత్తేస్తామన్నారు, లెక్క చూడడానికి ఒక అధికారిని పంపారు. నా పరువు పోతుందని తొమ్మిది కుర్చీలు వేసి, పనివాళ్ళకు మామూలు బట్టలు తొడిగించి, క్లాసుకు వచ్చిన జనంలా కూర్చోబెట్టాను. ఏడుగురు దొరికారు, నాతో ఎనిమిది. ఆ ఏడుగురిలో ఒకడు మీ నాన్న జతగాడు. రానంటే గట్టు మీద నుంచి చెయ్యి పట్టి లాక్కొచ్చాను. చేప మణికట్టు మీద వేళ్ళ గుర్తులు ఆ చేతివే. మీ నాన్నను కూడా రమ్మన్నాను. నీళ్ళలో పిల్లలున్నారు అన్నయ్యా, నేను రాను అన్నాడు. అందరి ముందూ వాణ్ణి బూతులు తిట్టి వచ్చేశాను.

అధికారి ఎనిమిది మందిని లెక్కపెట్టి, తొమ్మిదో కుర్చీ ఎవరిదని అడిగాడు. ఉన్నాడు సార్, వస్తున్నాడు అన్నాను. నిన్న నా నోట వచ్చిన మాట అదే. మేము కళ్ళు మూసుకుని గంటసేపు ఊపిరి పీల్చి వదిలాం. ఆ గంటలోనే ఒక పిల్లవాడు మునిగితే మీ నాన్న దూకి, వాణ్ణి గట్టు మీదకు నెట్టి, తను పైకి రాలేకపోయాడు. చెయ్యి అందించడానికి రెండో మనిషి లేడు.

జతగాణ్ణి వాడే ఎక్కడికో పంపేశాడని విచారణలో చెప్పింది నేను. పోయినవాడికి ఉద్యోగం పోయేది లేదు కదా అనుకున్నాను. మిగతావాళ్ళు భయపడి తలూపారు. గుమాస్తా రాశాడు, నేను వేలిముద్ర వేశాను. నిన్ను పెంచాను, చదివించాను, నాన్న పేరు వస్తే నువ్వు తల దించుకోవడం చూస్తూ ఊరుకున్నాను.

ఆ కాగితం మీ ఆఫీసులోనే ఉంటుంది. తీయించు. తప్పు ఎవరిది అన్న చోట వాడి పేరు కొట్టేయించి నా పేరు రాయించు. ఆ తర్వాత నన్ను పెదనాన్న అని పిలవాలో వద్దో నీ ఇష్టం. మీ నాన్న జతగాణ్ణి ఎక్కడికీ పంపలేదు తల్లీ. గట్టూ వదల్లేదు.